చేతి ముద్ద

మా కండెకి పద్నాలుగేళ్లు. మా అమ్మాయి తేజస్విని నాలుగో తరగతిలో ఉండగా స్నేహితురాలి ఇంటి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. సగం పొమేరియన్, సగం గల్లీ కుక్క. వచ్చిన వారానికే నా పాత సంచిలోంచి దారపు కండె ఒకటి లాక్కుని మంచం కిందికి దూరాడు. మగ్గం మీద నాడెలో పెట్టే కండె అది, మా నాయన వాడింది. గుర్తుగా దాచుకున్నాను. గంటసేపు బతిమాలినా బెదిరించినా ఇవ్వలేదు. నమిలి పీచు చేసి పడేశాడు. కండె పోయింది, వాడికి పేరు మాత్రం మిగిలింది.

మాది పోచంపల్లి. పాతికేళ్లు వచ్చేదాకా నేనూ నేశాను. నేయడంకన్నా అమ్మడంలో కాస్త ఊపిరాడుతుందని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి చీరల దుకాణం పెట్టుకున్నాను. ఇల్లు చైతన్యపురి మెట్రో స్టేషన్ వెనక గల్లీలో. ముందు రెండు గదుల్లో నేనూ నా భార్య విజయశ్రీ ఉంటాం, వెనక గది నిండా చీరల మూటలు. తేజస్వినికి నిజామాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. మొదటి మాట కండె గురించి, రెండో మాట వాళ్లమ్మ గురించి, టైముంటే నా గురించి.

నాకు ముక్కు మీద కోపం. నరేష్‌కుమార్ అంటే గల్లీలో గుర్తుపట్టని వాళ్లు కూడా 'అరిచే చీరలాయన' అంటే ఇల్లు చూపిస్తారు. పక్కనున్న హాస్టల్ ఆడపిల్లలు బట్టలు ఆరేసుకుంటూ నా అరుపులు విని నవ్వుకునేవాళ్లు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది ఈ నోటి వల్లే జరిగింది.

వానాకాలంలో మొదలైంది. దాబా మీదికి పరుగెత్తే కండె మూడో మెట్టు మీద ఆగిపోయి రొప్పుతున్నాడు. రెండు రోజులు చూసి ఎల్‌బీ నగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చెవి వెనక రెండు పిడుదులు దొరికాయి. రక్తం పరీక్ష చేసి పిడుదుల జ్వరమన్నాడు, ఇరవై ఎనిమిది రోజులకి మాత్రలు రాశాడు. నెల తిరిగేసరికి కండె లేచి తిరిగాడు. ఆయన మంచి డాక్టరే, నేను కాదనను. మేం లేచి వచ్చేటప్పుడు ఒక మాటన్నాడు. "పడుకునే చోట పురుగు చేరకుండా జర జాగ్రత్తగ సూస్కోండ్రి. ముసలి ఒళ్లు, ఇంకోసారొస్తె తట్టుకోదు."

నాకు నవ్వొచ్చింది. పురుగు చేరకుండా చూసుకోవడం నాకొకరు నేర్పాలా? ముప్పై ఏళ్లుగా పట్టు, నూలు దాస్తున్నాను. ఒక్క చీరకి పురుగు పట్టిందని ఎవరినైనా చెప్పమనండి. అల్మారాల్లో, మూటల్లో, మడతల మధ్య, ఎక్కడ చూసినా కలరా ఉండలే మా దగ్గర. బీరువాల్లో బట్టల మధ్య పెట్టుకునే ఆ తెల్ల గోళీలే. దుకాణానికి డబ్బాలకి డబ్బాలు తెస్తాను.

కండె పడుకునే బొంత విజయశ్రీ పాత నూలు చీరలతో కుట్టింది. దాని ఓ పక్క కుట్లు విప్పి, చిన్న చిన్న గుడ్డ మూటలు కట్టి, ఎనిమిది ఉండలు లోపల పెట్టి మళ్లీ కుట్టేశాను. పట్టుచీరకి ఎంత శ్రద్ధగా పెడతానో అంత శ్రద్ధగా పెట్టాను. నా ప్రాణానికి హాయిగా అనిపించింది.

సెప్టెంబర్‌లో మళ్లీ పడిపోయాడు. ఈసారి వాంతులు, తిండి సగానికి సగం తగ్గింది, చిగుళ్లు సుద్దముక్కలా తెల్లబడ్డాయి. ఒంటి మీద ఎంత వెతికినా పిడుదు కనబడలేదు. అయినా పాత జ్వరమే తిరగబెట్టి ఉంటుందని అవే మాత్రలు మళ్లీ ఇచ్చారు. నేను ఉండలు ఇంకో డబ్బా తెచ్చాను. ఎనిమిది చాలలేదేమో అనుకుని ఈసారి ఉండల్ని రోట్లో వేసి దంచి, పొడి చేసి, బొంత పొరల మధ్య చల్లాను. పొడైతే మూలమూలకీ చేరుతుందని నా తెలివి.

అక్కడి నుంచి తిరగని చోటు లేదు. నాగోల్‌లో పెద్ద దవాఖానలో స్కానింగ్ తీసి కాలేయం వాచిందన్నారు. ఇంకొకాయన కిడ్నీలన్నాడు. మరొకాయన ఫైలంతా తిరగేసి, "వయసండీ, పద్నాలుగేళ్లంటే మన ఎనభై కింద లెక్క," అని కళ్లజోడు తీసేశాడు. ఆ సంగతి తెలుసుకోవడానికి రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాను. వయసుతో రక్తం ఎక్కడికి పోతుందయ్యా అని అడిగితే ఫైలు మూసి నా చేతికిచ్చాడు. ఆటోలో తువ్వాలు పరిచి వాణ్ని ఒళ్లో పెట్టుకుని పోవడం, రావడం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సుల హారన్లకి ఒకప్పుడు మొరిగే కుక్క, ఇప్పుడు చెవి కూడా కదిలించేవాడు కాదు.

ఒక్క వింత మాత్రం నా బుర్రలో పడింది. నాగోల్ దవాఖానలో నాలుగు రోజులు ఉంచుకుని సెలైన్ పెట్టారు. నాలుగో రోజు నేను వెళ్లేసరికి వాడు లేచి నిలబడి తోక ఊపాడు. ఇంటికి తెచ్చిన వారానికి మళ్లీ చాప అయిపోయాడు. అక్టోబర్‌లో ఇంకోసారి ఉంచాం. అదే తంతు. అక్కడ లేస్తాడు, ఇక్కడ పడతాడు. అంటే జబ్బు ఇంట్లోనే ఉంది. ఈ లెక్క నేను సరిగ్గానే వేశాను. వేశాక ఎవరి వైపు చూశానో అదే తప్పు.

దసరాకి ముందు ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాను. విజయశ్రీ వాకిట్లో పీట మీద కూర్చుని కండెకి ముద్ద పెడుతోంది. కోడికూర వాసన వచ్చింది.

"ఏం పెడుతున్నవ్ వానికి?"

"ఏం తింటలేడయ్యా. జర షోర్వ వాసన తగిలితెనన్న నోరు తెరుస్తడని..."

"ఉల్లిగడ్డ కుక్కలకు విషం, తగలొద్దని డాక్టర్ జెప్పలె? చెవులు ఎటు పోయినయ్ నీకు?"

"అంతా వడగట్టిన. రెండు మూడు సార్లు పెట్టిన, గంతే."

"దవాఖానల ఉంటె లేసి తిరుగుతుండు, ఇంటికొస్తె పడిపోతుండు. ఇంట్ల ఏమున్నది మరి? నీ చెయ్యే ఉన్నది. నువ్వే సంపుతున్నవ్ వాన్ని."

హాస్టల్ దాబా మీద బట్టలు తీస్తున్న పిల్లలు ఈసారి నవ్వలేదు. విజయశ్రీ చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసి, లేచి చేతులు కడుక్కుంది. మర్నాటి నుంచి ఉప్పూ కారం లేకుండా మెత్తగా వండిన అన్నం, ఉడకబెట్టిన కోడి ముక్కలు విడిగా చిన్న కుక్కర్‌లో. నేను ఆ కుక్కర్ మూత తీసి వాసన చూసేవాణ్ని. ఎక్కడైనా ఉల్లిపొర దొరుకుతుందేమోనని చెత్తబుట్ట కూడా చూశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చీదర పుడుతుంది.

తిండి పెట్టడం మాత్రం ఆమె మానలేదు, మానడానికి వీల్లేదు. కండెకి పళ్లు ఊడిపోయాయి, కళ్లకి పొర వచ్చింది. గిన్నెలో పెడితే ఏది ఎక్కడుందో తెలియక చుట్టూ మూతి తిప్పి ఊరుకుంటాడు. విజయశ్రీ నిమ్మకాయంత ముద్ద చేసి, దవడ పక్క నుంచి లోపలికి జారవిడిచి, రెండో చేత్తో గొంతు నిమిరేది. "కండే, ఆఁ..." అనేది. ఆమె గాజుల చప్పుడైతే చాలు, వాడు తల ఎత్తి నోరు తెరిచేవాడు. నేను పెడితే మూతి తిప్పుకునేవాడు. తేజస్విని దీపావళికి వచ్చి పెట్టినా తిప్పుకున్నాడు. అన్నం పెట్టే చెయ్యి ఒకటే అని వాడు తీర్మానించుకున్నాడు.

ఉల్లి ఆగిపోయినా వాడు బాగుపడలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. నేను దుకాణానికి పోయాక చాటుగా ఏదో పెడుతోందనుకున్నాను.

సంక్రాంతి దాటాక ఒక పొద్దున వాకిట్లో పోసిన మూత్రం డికాషన్ రంగులో ఉంది. దుకాణానికి వచ్చే ఒకావిడ ఎల్‌బీ నగర్‌లో సౌజన్య అని కొత్త డాక్టరు ఉందనీ, ఓపిగ్గా చూస్తుందనీ చెప్పింది. టైర్ల దుకాణం పక్క సందులో ఒకటే గది. ఆమెకి ముప్పై ఏళ్లు కూడా ఉన్నట్టు లేదు. మాటని బట్టి గుంటూరు వైపు వాళ్లని తెలిసిపోతుంది. పెద్ద పెద్ద వాళ్లకే దొరకనిది ఈ పిల్లకేం దొరుకుతుందని గుమ్మంలోనే విసుక్కున్నాను.

ఆమె నా ఫైలు పక్కన పెట్టింది. నేల మీద కండె పక్కన చతికిలబడి, పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. ఒక బొట్టు రక్తం గాజుపలక మీద పూసి, ఏదో రంగు వేసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"ఇలా వచ్చి చూడండి. గుండ్రంగా ఉన్నవి రక్తకణాలు. వాటి అంచున చుక్కలు కనిపిస్తున్నాయా? కణం లోపల దెబ్బతిని విరిగిపోతోందన్నమాట. పిడుదుల జ్వరం ఇలా చెయ్యదండీ. ఏదో విషంలాంటిది లోపలికి వెళ్తోంది. ఉల్లిపాయ తింటున్నాడా?"

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాట వినగానే నా గుండె తేలికైంది. గెలిచినట్టనిపించింది.

"మా ఇంటామె పెట్టింది మేడమ్. నేను మొత్తుకుంటనే ఉన్న, వినదు."

"ఎప్పుడు పెట్టారు? ఎంత?"

"దసరా ముంగట. షోర్వ కలిపి రెండు మూడు సార్లు."

"ఆ తర్వాత?"

"పెట్టలేదనే అంటది."

ఆమె తల అడ్డంగా ఊపింది. "అయితే అది కాదండీ. అంత కొంచానికి ఇన్ని నెలలు ఇలా ఉండదు. రోజూ ఏదో తగులుతోంది. రేపు ఆదివారమైనా నేనుంటాను. వాడి గిన్నె, బెల్టు, బొంత, ఒంటికి రాసేవి, ఇల్లు తుడిచే మందు, అన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. ఏదీ ఉతక్కండి."

ఆదివారం పొద్దున్నే అన్నీ సంచిలో వేసి, కండెని ఎత్తుకున్నాను. విజయశ్రీ కూడా వస్తానంది. నువ్వొచ్చి చేసేదేముంది అని కసిరాను. వంటింట్లో ఆమె ఎక్కడో ఏదో దాచే ఉంటుందనీ, ఈ డాక్టరమ్మ పట్టేస్తుందనీ నాకింకా ఆశ.

సౌజన్య సంచి జిప్పు తీసింది. తీసిన చెయ్యి తీసినట్టే వెనక్కి జరిగి, ముక్కుకి మోచెయ్యి అడ్డం పెట్టుకుని, వెళ్లి కిటికీ తెరిచింది.

"ఈ బొంతలో ఏం వేశారు?"

నాకు నిజంగానే అర్థం కాలేదు. "ఏమేసిన మేడమ్? నూలు చీరలు, గంతే."

"మీకు వాసన రావట్లేదా?"

"ఏం వాసన?"

ఆమె నా ముఖంలోకి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. "ఓ, గవా? కలరా ఉండలు మేడమ్. పురుగు చేరకుంట నేనే ఏసిన. మాది చీరల దందా, మాకు అలవాటే." ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. దంచి పొడి చేసిన సంగతి, నెలనెలా కొత్తది చల్లిన సంగతి, అన్నీ వివరంగా చెప్పాను. ముప్పై ఏళ్లుగా ఆ వాసనలోనే పడుకుని లేస్తున్నాను. నా చొక్కాకీ అదే, నా దిండుకీ అదే. మా ఇంటి గాలే అది. ఇంక దాన్ని నా ముక్కు ఎట్లా పడుతుంది?

"పడుకునేటప్పుడు బొంత నాకుతాడా?" అని అడిగింది.

"అంచు నాకుతడు. చిన్నప్పటి సంది అలవాటు."

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేనూ అరిచేవాణ్ని, నాకు అది తేలిక. మెల్లగా చెప్పింది. "చంటిపిల్లల్ని కూడా ఈ ఉండలు వేసి దాచిన గుడ్డల్లో చుట్టొద్దంటారండీ. కొంతమంది పిల్లలకి రక్తం విరిగిపోతుంది. మీవాడు రోజూ దీని మీదే పడుకుని, దీన్నే నాకుతున్నాడు. బయట ఉంచినప్పుడు లేచి కూర్చోవడం కూడా అందుకే. మీరు కావాలని చెయ్యలేదు కదా. ఇవాళే ఇది పారెయ్యండి. వాసన ఉన్నవేవీ వాడి దగ్గర ఉంచకండి."

"బతుకుతడా మేడమ్?"

"కాలేయం బాగా దెబ్బతింది, వయసు చూస్తే ఇంత. ఇంకో కుక్క రక్తం ఎక్కిద్దామంటే ఈ ఒంటికి భయం. కానీ ఆశ లేదని నేననను. ఓ వారం రోజులు ఒంటికి తిండి పడితే కొత్త రక్తం పుడుతుంది. తింటున్నాడా?"

"మా ఇంటామె పెడితె తింటడు. ఇంకెవ్వరు పెట్టినా ముట్టడు."

"అయితే ఆవిడ చేతే పెట్టించండి. రోజుకి నాలుగైదు సార్లు, రెండేసి ముద్దలైనా సరే. మందులకన్నా ఇప్పుడదే ముఖ్యం."

ఆటోలో వస్తూ మాటలు కూర్చుకున్నాను. 'విజయా, తప్పు నాదే' అని మొదలుపెట్టాలా, లేక 'బొంతలో ఉండలట' అని మామూలుగా అనేయాలా? కొత్తపేట దగ్గర బొంతని చెత్తబండిలో పడేశాను. కండె నా ఒళ్లో వేడిగా, తేలిగ్గా ఉన్నాడు. వాడి బరువు సగం అయిపోయిందని అప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది, ఆటో అతను అద్దంలో చూస్తున్నాడని ఆపుకున్నాను.

ఇంటికి చేరేసరికి విజయశ్రీ మెత్తగా పిసికిన అన్నం పళ్లెంలో పెట్టుకుని గుమ్మంలో ఎదురుచూస్తోంది. చెప్పబోయాను. అంతలో తేజస్విని ఫోన్. సాయంత్రం దాకా ఆగలేక ముందే చేసింది. వాళ్లమ్మ స్పీకర్ నొక్కింది.

"డాడీ, ఏమన్నరు? ఏంది ప్రాబ్లమ్?"

ఇద్దరూ వింటున్నారు. ఒకరు ఎదురుగా, ఒకరు ఫోన్‌లో. దసరా ముందు వాకిట్లో నేనన్న మాట మా ఇద్దరి మధ్య అట్లాగే ఉంది. ఇప్పుడు నిజం చెబితే ఆ మాట వచ్చి నా మీదే పడుతుంది. పాతికేళ్ల కాపురంలో నాది తప్పని నేను ఒప్పుకున్న రోజు లేదు. నా నోరు తన దారి తాను చూసుకుంది.

"ఉల్లిగడ్డ. అప్పుడు పెట్టిన దాంతోనే రక్తం ఖరాబైందట."

తేజస్విని "పోనీలే మమ్మీ, నువ్వేం కావాలని పెట్టలె కద," అంది. విజయశ్రీ పళ్లెం కింద పెట్టింది. రెండు చేతులూ తిప్పి చూసుకుంది. రేపు నిదానంగా చెప్పి సరిచేద్దాం, ఇవాళ్టికి గండం గడిచింది అనుకున్నాను. ఎంత నీచమైన ఆలోచనో అప్పుడు అనిపించలేదు.

వెనక గదిలో మూటలన్నీ ఆ పూటే రెండు ట్రాలీ ఆటోల్లో దుకాణానికి తోలేశాను. గది కడిగాను, నేలంతా రెండుసార్లు తుడిచాను. డాక్టర్ శుభ్రంగా ఉంచమందని చెప్పాను. మంచి కొత్త దుప్పటి కొని పరిచాను. నేను చేయాల్సిన పనులన్నీ చేసేశాను, ఒక్క మాట తప్ప.

సోమవారం పొద్దున కండె అన్నం వేళకి తల ఎత్తి కూర్చున్నాడు. విజయశ్రీ రాలేదు.

"పెట్టరాదు వానికి," అన్నాను.

"నేను పెట్ట."

"నువ్వు పెట్టకుంటె తినడు గద."

"నా చేతుల ఏమున్నదో నాకెర్కనా? ఈ చేత్తో పెట్టే గీడిదాంక తెచ్చిన. నువ్వే పెట్టు. లేకుంటె డబ్బల దొరికేది కొనుక్కరా. నేనైతె ముట్ట." గొంతు ఎత్తకుండా, కూర తరుగుతూ అంది.

డబ్బా తిండి కొనుక్కొచ్చాను. నా చేతులు నిమ్మకాయతో, సబ్బుతో తోముకుని ముద్ద చేసి పెట్టాను. మూతి తిప్పుకున్నాడు. గాజులు వినిపిస్తేనే నోరు తెరుస్తాడని ఆమె రెండు గాజులు నా చేతికి వేసుకుని చూశాను, ఎవరూ చూడకుండా. వాడు ఆ చప్పుడుకి తల తిప్పాడు, నా చెయ్యి దగ్గరికి రాగానే మళ్లీ వాల్చేశాడు. సూది లేని సిరంజితో జావ పోస్తే కాస్త మింగాడు, మిగతాదంతా దవడ పక్క నుంచి కారిపోయింది.

మంగళవారం సౌజన్య ఫోన్ చేసింది. "తింటున్నాడా అండీ? ఆవిడే పెడుతున్నారా?"

"పెడుతుంది మేడమ్. కొద్దికొద్దిగ తింటుండు."

"తినకపోతే మాత్రం ఆగకండి, తీసుకొచ్చేయండి. గొట్టం వేసైనా ఎక్కిద్దాం."

తీసుకెళ్లలేదు. తీసుకెళ్తే ఈసారి విజయశ్రీ కూడా వస్తుంది, ఆ పిల్ల ఆమె ముందే బొంత సంగతి ఎత్తుతుంది. ఇది నేను పైకి అనుకోలేదు గానీ నాకు తెలుసు. దుకాణంలో కూర్చుని ఒకావిడకి ఇరవై చీరలు విప్పి చూపించాను, ఏం చూపించానో గుర్తు లేదు.

బుధవారం సాయంత్రం ముందుగానే ఇంటికొచ్చాను. విజయశ్రీ వంటింట్లో అప్పడాలు వేయిస్తోంది. గాజుల చప్పుడు వినిపించి కాబోలు, కండె దుప్పటి మీంచి దిగి, నేల మీద పొట్ట ఈడ్చుకుంటూ వంటింటి గడప దాకా వెళ్లాడు. ఆ పదడుగులకి వాడికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. గడప మీద గడ్డం ఆనించి, కనబడని కళ్లతో ఆమె వైపు ముఖం పెట్టి నోరు తెరిచాడు. అట్లాగే తెరుచుకుని ఉన్నాడు.

విజయశ్రీ చూసింది. చెయ్యి సగం దాకా ముందుకొచ్చింది. మళ్లీ లాక్కుని కొంగులో చుట్టేసుకుంది. "వద్దు బిడ్డా, నా చెయ్యి వద్దు," అని గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి.

నేను ముందు గదిలో చెప్పులు కూడా విప్పకుండా నిలబడి ఇదంతా చూశాను. నాలుగడుగులు వేసి ఒక్క ముక్క అంటే చాలు. కానీ ఇప్పుడు చెబితే, ఆదివారం నుంచి ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. మూడు రోజుల క్రితం ఒక తప్పే చెప్పుకోవాల్సి ఉండింది, ఇప్పుడు రెండయ్యాయి. వెళ్లి కండెని ఎత్తి దుప్పటి మీద పడుకోబెట్టాను. నోరు ఎప్పుడు మూశాడో చూడలేదు.

గురువారం పొద్దున ఎనిమిది కాకముందే పోయాడు. బాధ పడ్డట్టు లేదు. ఊపిరి తీసి, మళ్లీ తీయలేదు.

నాగోల్ అవతల మా చుట్టం జానయ్యకి ఖాళీ ప్లాటు ఉంది. అక్కడే పూడ్చిపెట్టాం. విజయశ్రీ గుంట దగ్గరికి రాలేదు, ఆటోలోనే కూర్చుంది. ఇంటికొచ్చి తలమీద నీళ్లు పోసుకుని, తడి జుట్టుతోనే వంటింటి గడప మీద కూర్చుంది. తేజస్విని ఫోన్ చేసింది. అటు నుంచి ఏడుపు వినిపిస్తోంది.

"నేనే సంపిన బిడ్డా," అంది విజయశ్రీ. "పద్నాలుగేండ్లు పెట్టిన చేత్తోనే సంపిన. మీ నాయిన అప్పుడే చెప్పిండు, నేనినలే. నన్ను ఏమన్న అను, పడత."

నేను ఫోన్ తీసుకుని కట్ చేశాను. ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నిలబడి చెప్పే ధైర్యం లేదు. బొంత సంగతి చెప్పాను. దంచిన పొడి, సంచి విప్పగానే డాక్టరమ్మ వెనక్కి జరగడం, ఉల్లిగడ్డ కాదని ఆమె తేల్చేయడం, నీ చేత్తోనే పెట్టించమనడం, అన్నీ వరుసగా చెప్పాను. ఒక్కటీ దాచుకోలేదు. చెబుతూ తల ఎత్తలేదు. ఆమె కొడుతుందనుకున్నాను, నిజంగా కొడితే బాగుండని కూడా అనుకున్నాను.

వీధిలో ఎవరో కొబ్బరిబోండాల బండివాణ్ని ఆపి బేరమాడుతున్నారు.

"నీకెన్నడు ఎర్కైంది?" అంది.

"ఐతారం."

"ఐతారం." వేళ్ల మీద లెక్కపెట్టింది. "సోమారం, మంగళారం, బుధారం." నిన్న కొంగులో చుట్టి దాచుకున్న చెయ్యి అదే. దాన్ని ఒళ్లో తెరిచి పెట్టుకుని చూసింది.

"బొంతల నువ్వు ఏసింది ఎర్కలేక ఏసినవ్. దానికి నేనేమంట?" అంది. "ఐతారం నాడు ఒక్క మాట చెప్పుంటె, నిన్ను తిట్టుకుంటనే వానికి పెడుతుంటి గద."